అప్పగింతల పాటకు పెట్టిన ఎకో

పోయిన వారం కోదాడ నుంచి మా అక్క భర్త, అంటే మా పెద్ద బావ, ఫోన్ చేసి, పాత క్యాసెట్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటే నేను పాడిన అప్పగింతల పాట దొరికిందనీ, వస్తే కలిసి నవ్వుకోవచ్చనీ అన్నాడు. నవ్వుకోవడమట! ఒళ్లు మండిపోయింది. అయినా సూర్యాపేటలో దొరికిన మొదటి బస్సే ఎక్కాను.

నా ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు, అప్పట్లో పెళ్లంటే మైక్‌సెట్ ఉండాల్సిందే, మా ఇళ్లలో మైక్‌సెట్ అంటే బావే. గరిడేపల్లిలో చెల్లెలి పెళ్లికి అప్పగింతల పాట నేను పాడాలి. తీరా దాన్ని పంపేటప్పుడు నాకు ఏడుపు తప్ప పాట రాదని తెలుసు కనుక, ముందురోజే వంటింటి తలుపు వేసుకుని టేప్‌రికార్డర్‌లో పాడి పెట్టాను. చెల్లి చేతులు పాలలో ముంచి అత్తగారి చేతుల్లో పెట్టే వేళకు బావ ఆ క్యాసెట్ వేసి, ఇంకా గొప్పగా వినిపించాలని ఎకో, బేసు అన్నీ పైకి తిప్పేశాడు. నా గొంతు బావిలో మునిగే బిందెలా బుడబుడమంది. పందిరంతా గొల్లున నవ్వింది; ఏడుస్తున్న చెల్లి కూడా నవ్వేసింది. పోనీ అక్కడితో ఊరుకున్నాడా మహానుభావుడు! మైకు అందుకుని, "నేనేం జెయ్యాలె, మా మరదలి గొంతే గట్లుంటది" అన్నాడు.

ఆ తర్వాత నేను పాటకు నోరు విప్పలేదు. బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతూ తిరిగానే గానీ ఒక్క పాట అందుకోలేదు. మిర్యాలగూడలో నా బిడ్డ పెళ్లికి కూడా అప్పగింతల పాట వేరేవాళ్లే పాడారు. ఆ విషయంలో మాత్రం బావను నేను ఎన్నటికీ క్షమించను.

కోదాడలో ఆయన నా చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించాడు. మళ్లీ అదే బుడబుడ. "మా కొడుకు ఈ సెట్టింగులు పెట్టినంక సౌండ్ ఎట్ల పెరిగిందో సూడు" అని మురిసిపోతున్నాడు. బడిలో కంప్యూటర్ వాడిన టీచర్ని కదా, తెర మీద చూద్దును కదా, బేస్ బూస్ట్, సరౌండ్, ఇంకా ఏవేవో, అన్నిటికీ టిక్కులే. ఒక్కొక్కటే తీసేశాను. అప్పుడు వినిపించింది, వంటింట్లో పాడిన నా గొంతు, సన్నగా, తేటగా, రెండో చరణంలో కొంచెం వణుకుతూ. కళ్లలో నీళ్లు తిరిగాయి, వెంటనే కోపం ముంచుకొచ్చింది. హెడ్‌ఫోన్లు తీసి బావ చెవులకు పెట్టాను.

వింటుంటే ఆయన ముఖంలో నవ్వు ఆగిపోయింది. "ఏం పెట్టినవే, ఇంత మంచిగొస్తున్నది?" అన్నాడు.

"ఏం పెట్టలే బావా. మీరు పెట్టినవన్నీ తీసేసిన."

ఆ మాట అంటుంటే ప్రాణానికి ఎంత హాయిగా ఉందో! ఇంకోసారి విననియ్యమని ఆయన బతిమాలాడు. నా పాటను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, తీసిన టిక్కులన్నీ మళ్లీ పెట్టేసి లేచాను. ఎలా తీయాలో ఆయనకు తెలియదు, నేను చెప్పనూ లేదు.

ఇప్పుడు నాలుగు టిక్కులు తీస్తే చాలు, ఎవరి గొంతు వాళ్లదిగా వినిపిస్తుంది. కానీ ఆ పాట ఎవరి కోసం పాడానో ఆ చెల్లి పోయి చాలా కాలమైంది. తన అప్పగింతల పాటను అది ఆ ఒక్కసారే వింది, నవ్వుతూ వెళ్లిపోయింది.