సోగత్తూరు మండపంలో సరుకుల గది కిటికీ

2022, తమిళుల వైకాసి నెల, అంటే మే చివరి రోజులు. కరోనా వల్ల వాయిదా పడిన పెళ్ళిళ్ళన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి. ధర్మపురి బస్‌స్టాండు దగ్గర మా స్టూడియోలో కూర్చోవడానికి కూడా తీరిక లేదు. అలాంటి ఒక మధ్యాహ్నం కవిత అనే అమ్మాయి, వాళ్ళ చిన్నాయన వచ్చారు. ఊళ్ళో వాళ్ళది పాత్రల అంగడి, తరతరాలుగా వ్యాపారం చేసుకుంటున్న తెలుగు కుటుంబం. పెళ్ళిపత్రిక తమిళంలో ఉంది, మాటలు మాత్రం తెలుగులోనే సాగాయి.

చిన్నాయన కూర్చోకముందే అడిగాడు. "పెండ్లి సోగత్తూరు కల్యాణ మండపంలో. నువ్వు ఆడ ఎన్ని పెండ్లిండ్లు తీసినావు?"

"ఒక్కటీ తియ్యలేదు" అన్నాను.

"ఇంకో ఫోటోగ్రాఫరు ఆడ ముప్పై తీసినానంటాడు" అన్నాడాయన, నన్ను పైనుంచి కిందికి చూస్తూ.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇరవై ఏళ్ళకు పైగా ఈ పనిలో ఉన్నవాణ్ణి, నన్నా అడిగేది అనుకున్నాను. అయినా ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. మండపం తెలిసిన ఫోటోగ్రాఫరుకు సగం తలనొప్పి తగ్గుతుంది. ప్లగ్గులు ఎక్కడున్నాయో, స్టేజి వెనక ఎంత చోటుందో, ఏ లైటు కింద మొహాలు పచ్చగా పడతాయో ముందే తెలిసుంటుంది. అందుకే నేను కొత్త మండపమైతే పెళ్ళికి ముందురోజు, సరిగ్గా ముహూర్తం వేళకే వెళ్ళి చూసొస్తాను. మా పనిలో దాన్ని రెక్కీ అంటారు. ఆ మాటే ఆయనకు చెప్పాను.

అంతవరకు ఊరుకున్న కవిత అప్పుడు నోరు విప్పింది. "అన్నా, నాకు ఒకే ఒక ఫోటో కావాల. మా నాయన పోయి రెండేండ్లయింది. అమ్మ స్టేజి ఎక్కనంటా ఉంది. ఎంత చెప్పినా వినలేదు. తాళి కట్టేటప్పుడు అమ్మా నేనూ ఒకే ఫోటోలో పడాల. మిగిలినవి ఎట్లొచ్చినా పరవాలేదు."

"కండిప్పా తీస్తానమ్మా" అన్నాను. తప్పకుండా అని మాటిచ్చేశాను. ఆ మాట మీదే పని నాకు వచ్చింది.

ముందురోజు పొద్దున ఆరున్నరకు మండపానికి వెళ్ళాను. తూర్పు కిటికీల నుంచి ఎండ ఎక్కడ పడుతుందో చూశాను. స్టేజి వెనక మూలన నిలబడితే పెళ్ళికూతురు భుజం మీదుగా మొదటి వరుస కుర్చీలు చక్కగా కనిపిస్తున్నాయి. నడిమి కుర్చీలో అమ్మను కూర్చోబెడితే ఫోటో వచ్చినట్టే. నా తెలివికి నేనే మురిసిపోయి, ఇంటికెళ్ళి మూడు దోసెలు తిన్నాను.

పెళ్ళినాడు ఆ కుర్చీ మీద తువ్వాలు పరిచి పెట్టాను. ముహూర్తం దగ్గరపడింది. పెళ్ళి చేయించే అయ్యరు తాళిబొట్టును అందరి చేతులకూ తాకించడానికి పళ్ళెంలో పంపాడు. కుర్చీ ఖాళీగానే ఉంది. కవిత నాకేసి చూసింది, తర్వాత కుర్చీకేసి చూసింది.

అప్పుడు అర్థమైంది నేను చేసిన పని. మా వాళ్ళ పెళ్ళిళ్ళలో భర్త పోయిన తల్లి స్టేజి ఎక్కకపోవడమే కాదు, ఆ వేళకు ఎదురుగా కూడా ఉండదు. ఇది నాకు తెలియని సంగతి కాదు. మా ఇంట్లోనూ చూసినదే. కానీ కెమెరా పట్టుకున్నప్పటి నుంచి స్టేజీనే చూడటం అలవాటైపోయింది. ఎండనూ లైట్లనూ కొలుచుకున్నాను గానీ, "మీ అమ్మ అప్పుడు ఎక్కడుంటుంది?" అని ఒక్క మాట అడగలేదు. నామీద నాకే అసహ్యం వేసింది.

మండపం ఊడ్చే మునియమ్మ పక్కనే ఉంది. సోగత్తూరు ఆమే, ఇంట్లో గొర్రెలు, మాట మన తెలుగే. పెళ్ళికూతురి అమ్మను చూశావా అని అడిగాను.

"యాడుంటాది సామీ, సరుకుల గదిలో. అట్లాంటోళ్ళంతా ఆడికే వస్తారు. కిటికీలోంచి స్టేజి కనబడతాది" అంది.

ఆ మండపం ఫోటోగ్రాఫర్లకంటే ఆమెకే బాగా తెలుసు.

స్టేజిని మా బామ్మర్ది మురళికి అప్పగించాను. వాడిది సెకండ్ కెమెరా, అంటే నాకు అందని వైపు నుంచి తీసేవాడు. తాళి ఘట్టం వాడికొదిలి నేను కదలడం అదే మొదటిసారి.

గదిలో బియ్యం మూటలు, అరటిగెలలు. కిటికీ ఊచలు పట్టుకుని కవిత వాళ్ళమ్మ రాజేశ్వరక్క నిలబడి ఉంది. పిడికిట్లో అక్షింతలు.

"నువ్వు ఈడేం చేస్తా ఉండావు తమ్ముడూ? ఆడ తాళి కట్టబోతా ఉండారు, పో!"

"ఆడ మురళి ఉండాడక్కా."

"నన్ను తియ్యొద్దు. ఈ దినం నా మొగం పడగూడదు."

కెమెరా దించేశాను. "కవిత నన్నడిగింది ఈ ఒక్క ఫోటోనే అక్కా. నువ్వు వద్దంటే పోతాను."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, "తల గూడా సరిగ్గా దువ్వుకోలేదే నేను" అంది.

గట్టిమేళం మోగింది. వైడ్ లెన్స్ పెట్టాను. దగ్గరి మనిషినీ దూరపు మనిషినీ కలిపి పట్టేది అది. ఊచల దగ్గర తల్లి చెంప, అవతల వెలుతురులో కూతురు. పెళ్ళికొడుకు తాళి ముడి వేస్తుండగా కవిత తల ఇటు తిప్పింది. అమ్మ ఇక్కడుందని ఆమెకెవరు చెప్పారో నాకు తెలియదు. ఎవరూ చెప్పనక్కర్లేదేమో. నేను వరసగా నొక్కుతూనే ఉన్నాను, నా కళ్ళు కూడా తడిశాయి.

మురళి తీసినదాంట్లో పెళ్ళికూతురు పక్కకు చూస్తోందని మగపెళ్ళివారు సణిగారు. వాళ్ళ సణుగుడు సబబే. ఆల్బంలో ఆ రెండు ఫోటోలనూ ఎదురెదురు పేజీల్లో పెట్టాను.

ఆల్బం తీసుకోవడానికి రాజేశ్వరక్క ఒక్కతే వచ్చింది. ఆ పేజీ దగ్గర ఆగిపోయింది.

"ఆ పొద్దు నాకు కండ్లు నిండిపోయి ఏమీ కనబడలేదు తమ్ముడూ. నా బిడ్డ చూసింది నన్నేనా?"

"నిన్నేనక్కా."

ఆమె ఆల్బం మూసి ఒళ్ళో పెట్టుకుంది. చాలాసేపు లేవలేదు. నేను లేపలేదు.

మండపం తెలుసా అని ఇప్పటికీ అందరూ అడుగుతారు. తెలిస్తే తెలుసంటాను, తెలియకపోతే రెక్కీకి వెళ్తానంటాను. ఆ తర్వాత నేనూ ఒకటి అడుగుతాను. "తాళి కట్టేటప్పుడు ఆడికి రానిది ఎవరు?"

చాలామంది ఒకరి మొహం ఒకరు చూసుకుని, మెల్లగా ఒక పేరు చెబుతారు.