బెలూన్ పెట్టెలో పొదిగిన కోడి

రెండువేల దశకం మొదట్లో అనంతపురంలో పరిశోధన చేస్తుండేవాణ్ణి. వాతావరణంలో పైపొర గాలి ఏ కాలంలో కిందికి దిగుతుంది, కింది గాలి ఏ కాలంలో పైకి పోతుంది అన్నది నా అంశం. పైనుంచి దిగిన గాలి పొడిగా, ఓజోన్‌తో నిండి ఉంటుంది. దాన్ని ఎండాకాలంలోనే పట్టుకోవాలి. వానమేఘాలు కమ్మాయంటే కింది గాలినే పైకి లాక్కుపోతాయి. జిల్లా అంతా మేఘాల కోసం ఎదురుచూస్తుంటే, కాస్త ఆగి వస్తే బాగుండునని కోరుకున్న పాపిష్ఠివాణ్ణి నేనొక్కణ్ణే.

ఓజోన్ కొలిచే పరికరం మాకు ఒక్కటే ఉండేది. థర్మోకోల్ పెట్టెలో పెట్టి, బెలూన్‌కు కట్టి ఎగరేస్తే, బెలూన్ పగిలాక పారాచూట్‌తో ఎక్కడో పడేది. వెతికి తెచ్చి మళ్లీ ఎగరేసేవాళ్లం. ఆసారి పామిడి దగ్గరి పల్లె నుంచి ఒక రైతు, పెట్టె మీదున్న నంబరుకు ఫోన్ చేశాడు. బస్సెక్కి పోయాను.

రైతు భార్య పశువుల కొట్టంలోకి తీసుకుపోయింది. మా థర్మోకోల్ పెట్టెలో గడ్డి, గడ్డి మీద కోడి.

"గుడ్ల మీద ఉండాది. పిల్లలు లేసినాక తీస్కపో."

"అక్కా, అడుగున మిషన్ ఉంది. కోడిని గంపలోకి మార్చరాదా?"

"ఇది ఒకసారి లేసిందంటే మళ్లా కూచోదు. నీ మిషన్ కోసరం నా గుడ్లు మురగబెట్టుకోమంటావా?"

ఇంతలో రైతు వచ్చాడు. "ఏమప్పా, మేఘాలు చెదరగొట్టేది మీరేనంట గదా?"

"లేదన్నా, మేం గాలిని కొలుస్తాం, అంతే."

"కొలిస్తే వాన వస్తాదా?"

"రాదు."

"మరెందుకప్పా?"

నాకు ఒళ్లు మండింది. పెట్టెను నేనే ఎత్తబోయాను. కోడి నా మణికట్టు మీద నెత్తురొచ్చేలా పొడిచింది. ఆమె పకపకా నవ్వి, పసుపు అద్ది, సంగటి పెట్టి పంపింది.

ఒట్టిచేతులతో తిరిగొస్తే మా గైడు మండిపడ్డారు. "కోడి అడ్డమొచ్చిందని థీసిస్‌లో రాస్తావా?"

ఎన్నో ఏళ్లుగా మొహం చాటేసిన వాన, సరిగ్గా ఆ ఏడే ముందుగా వచ్చింది.

మళ్లీ పోయేసరికి వాకిట్లో కోడిపిల్లలు తిరుగుతున్నాయి. ఆమె పెట్టె తెచ్చి చేతిలో పెట్టింది. పరికరంలోంచి నీళ్లు కారుతున్నాయి.

"సబ్బు పెట్టి తోమినా. సూడు, కొత్తదాని మాదిరి ఉండాది!"

"బాగుందక్కా" అన్నాను. బస్సులో పెట్టె ఒళ్లో పెట్టుకున్నాను; దారి పొడుగునా నా ప్యాంటు తడుస్తూనే ఉంది.