మేక పాస్ చేసిన ఇల్లు

ఇల్లు నిప్పుకు పోవచ్చు, గాలికి పోవచ్చు, అన్నదమ్ముల పంపకాల్లో పోవచ్చు. నేను నా చేతులతో కట్టి అమ్మిన మొట్టమొదటి ఇల్లు ఈ మూడింటికీ పోలేదు. పట్టపగలు, యజమాని లోపల కూర్చుని కాఫీ తాగుతుండగా పోయింది. ఎలా పోయిందో చెబుతాను. మీరు నవ్వుకోండి, పరవాలేదు. ఆ రోజు మా నాయన మాత్రం నవ్వలేదు.

మాది కంబదూరు దగ్గర పల్లె. నాయన మొదట్లో పెళ్లి పందిళ్లు వేసేవాడు. మా సీమలో పెళ్లిళ్లు కూడా వానను బట్టే జరుగుతాయి కాబట్టి, వాన లేని ఏడు పందిరి గుంజల్ని చెదలకు అప్పజెప్పి ఊరికే కూర్చునేవాడు. అలాంటి ఒక ఎండాకాలం, రిటైరై సొంతూరికి చేరిన బడిపంతులొకాయన వచ్చి, "బండల మిద్దెలో ఉడికిపోతాండానప్పా. చేనికాడ బాయిగట్టున నాకూ మా ఇంటామెకూ సరిపడా సల్లగా ఏమన్నా ఏసియ్యి" అన్నాడు.

నాయన నాలుగు తడికెలు, రెండు రెక్కల కప్పు, ఒక వాకిలి కలిపి ఒక గుడిసె చేసిచ్చాడు. శివరాత్రి దాటగానే నిలబెట్టుకోవచ్చు, తొలివానకు విప్పి కొట్టంలో దాచుకోవచ్చు. ఇద్దరు ముసలివాళ్లు, ఒక కూజా, వాళ్ల కాపురమంత వయసున్న పోట్లాట పట్టేంత జాగా. దానికి నాయన పెట్టిన పేరు 'సల్లిల్లు'. పింఛను తీసుకునే రోజున ట్రెజరీ అరుగు మీద ఆ పంతులు చేసిన ప్రచారానికి, చూస్తుండగానే మా వాకిట్లో పింఛనుదార్లు కల్లంలో పిచ్చుకల్లా వాలడం మొదలుపెట్టారు.

గోడలకూ కప్పుకూ నాయన వాడేది బోద కసువు అనే కొండగడ్డి ఒక్కటే. కొండ మీద కొయ్యాలి, ఆరబెట్టాలి, దువ్వాలి, కట్టలు కట్టాలి. నాయన ఒక్కో కట్టనూ కూతురికి జడ వేస్తున్నంత నిదానంగా దువ్వేవాడు. నాకేమో ఇరవై ఏళ్లు. కూర్చుంటే నిలబడాలనిపించేది, నిలబడితే పరిగెత్తాలనిపించేది. ఎసరు పెట్టకముందే చెయ్యి కడుక్కుని కూర్చునే రకం. బోదే ఎందుకు వాడతావని నాయనను అడిగేంత తీరిక నాకెప్పుడూ దొరకలేదు.

ఆ ఏడు నాగభూషణంగారని ఒక రిటైరైన రెవిన్యూ ఇన్‌స్పెక్టరు సల్లిల్లు అడిగారు. అది చూసి నచ్చితే ఆయన స్నేహితులు కూడా తలా ఒకటి తీసుకుంటారట. శుక్రవారం అందరూ ఆయన తోటకు వస్తున్నారు. మాకేమో బోద నిండుకుంది. కొండదారికి మా ఎద్దులు చాలవని నాయన బాడుగ బండి మాట్లాడుకుని బయల్దేరుతూ, "నేనొచ్చిందాంకా ఏదీ ముట్టుకోవాకు. సారును రెండు మూడు దినాలు ఆగమని చెప్పిరాపో" అన్నాడు.

నేను పోయాను. ఇన్‌స్పెక్టరుగారు మీసం సవరించుకుంటూ, "ఎంతవరకూ వచ్చెనప్పా మా ఇల్లు?" అన్నారు.

"శుక్రవారం పొద్దున్నే మీ తోటలో ఉంటాది సార్!" అంది నా నోరు. నేను పక్కనే ఉన్నాను కానీ ఆపలేకపోయాను.

ఇంటికొచ్చి పెరట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే జొన్నచొప్ప వామి కనబడింది. ఆహా, ఏం రంగు! ఏం వాసన! కరువు ఏడు ఎండాకాలం గట్టెక్కడానికి మా బూదెద్దుకూ కర్రెద్దుకూ ఉన్న మేత అంతా అదే. నా కంటికి మాత్రం అది సగం కట్టిన ఇల్లులా కనబడింది.

వామి పీకుతుంటే అమ్మ పరిగెత్తుకొచ్చింది. "ఒరేయ్! ఎద్దుల నోటికాడ కూడురా అది!"

"బోద వస్తానే మార్చేస్తా లేమ్మా. చొప్పయితే ఏమి, కసువయితే ఏమి? నీడ నీడే గదా!"

"మీ నాయన రానీ. చొప్ప చాలకుంటే నిన్నే కప్పుకేసి కుడతాడు."

శుక్రవారం తెల్లవారేసరికి ఇల్లు బండెక్కింది. లోకంలో ఏ ఎద్దయినా ముందుకు చూస్తూ నడుస్తుంది. మావి మెడలు తిప్పి వెనక్కి చూస్తూ నడిచాయి. దారి పొడుగునా ఎముకలు తేలిన ఆవులూ దూడలూ బండి వెంట పెళ్లి ఊరేగింపులా కదిలాయి. వాటిని అదిలించి అదిలించి నా గొంతు బొంగురుపోయింది. నాకు అప్పుడైనా అర్థం కావాలా? కాలేదు. మన పనితనం పశువులక్కూడా తెలిసిపోయిందని మురిసిపోయాను.

తోటలో ఇల్లు నిలబెట్టి, ఎద్దుల్ని వేపచెట్టుకు కట్టేశాను. స్నేహితులు వచ్చి లోపల మంచాల మీద సర్దుకున్నారు. వాళ్లలో పెద్దాయన, రిటైరైన హెడ్మాస్టరు, ముక్కు ఎగబీల్చారు. "భలే వాసనుండాదే! జొన్నచేలో పండుకున్నట్ల."

"స్పెషల్ రకం సార్. ఇది మా నాయనకు కూడా తెలీదు" అన్నాను. అంత నికార్సయిన నిజం నేను మళ్లీ ఎన్నడూ చెప్పలేదు.

"అయితే నాకూ ఒగటి..." అని ఆయన అంటుండగా కరకరమని చప్పుడు.

"ఏందప్పా అది?" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు.

"కొత్తిల్లు గదా సార్, సర్దుకుంటాంది."

"ఎలుతురు పెరగతాండాదే?"

"కిటికీ సార్."

"ఇందాక కిటికీ లేదు గదప్పా?"

"తయారైతాండాది సార్."

తయారైన కిటికీలోంచి బూదెద్దు తల లోపలికొచ్చింది. హెడ్మాస్టరుగారు కదలకుండా, "నాగభూషణం, నీ కిటికీ నా చెవి నాకతాండాది" అన్నారు.

ఆ వెనకే దానిలాగే పలుపు తెంపుకున్న కర్రెద్దు, దాని వెనక దారిలో వెంటపడిన ఊరేగింపు, దాని వెనక బీడులోంచి ఒక మేకలమంద. కరువులో విందు కబురు అంత వేగంగా పాకుతుంది మరి. పెద్దమనుషులు మంచాలు ఎత్తుకుని పరిగెత్తారు. ఇన్‌స్పెక్టరుగారు పద్ధతి మనిషి. నాలుగు గోడలూ పోయి వెదురు గుంజలే మిగిలినా, కాఫీ గ్లాసు పట్టుకుని వాకిలి గుండానే బయటికొచ్చారు.

"నా ఇల్లు యాడరా?"

నేను ఎద్దుల పొట్టలకేసి చూపించాను. "ఆడుండాది సార్."

సరిగ్గా అప్పుడే బాడుగ బండి వచ్చి ఆగింది. కొండ నుంచి ఇల్లు చేరిన నాయనకు అమ్మ సంగతి చెబితే, కొండ మీదే ఆరబెట్టి కట్టలు కట్టిన బోదను దించకుండానే తోటకు తోలించుకొచ్చాడు. గుంజలు చూశాడు. నెమరేస్తున్న ఎద్దుల్ని చూశాడు. నన్ను మాత్రం చూడలేదు. దానికే నాకు ఎక్కువ భయమేసింది.

"ఏమప్పా, మీ ఎద్దులు నా ఇల్లు తినేసినాయే!" అని ఇన్‌స్పెక్టరుగారు ఎగిరిపడ్డారు.

"మీ ఇల్లు యాడ తినినాయి సార్? అవి తినింది వాటి మేత. మీ ఇల్లు ఇదో, బండి మీదుండాది."

"ఇది మల్ల ఏం స్పెషలో!" అన్నారు హెడ్మాస్టరుగారు చెవి తుడుచుకుంటూ.

నాయన ఒక మేకను చెవి పట్టుకుని లాక్కొచ్చి, పిడికెడు బోద దాని మూతికి పెట్టాడు. ముళ్లకంపను కూడా వదలని ఆ మేక వాసన చూసి, అవమానం జరిగినట్టు ముఖం తిప్పుకుంది.

"పాస్!" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు.

పొద్దు వాలేలోగా ఇల్లు మళ్లీ లేచింది. ఆ పనితనం కూర్చుని చూసిన పెద్దమనుషులు తలా ఒకటి చేసియ్యమని చెప్పిపోయారు. ఆ తర్వాత మా సల్లిల్లు నల్లమాడ దాకా, తనకల్లు దాకా పోయింది. కొనేవాళ్లు మాత్రం కప్పు చూడ్డానికి వస్తూ మేకను కూడా తోలుకొచ్చేవాళ్లు.

ఇంటికి పోయాక నాయన నాతో ఒకే మాటన్నాడు. "ఎద్దుల మేతతో ఇల్లు కట్టినావు గదా, ఇంగ ఎద్దులకు మేత నువ్వే తే." ఆ ఎండాకాలమంతా కొడవలి పట్టుకుని పచ్చగా కనబడ్డ బావిగట్టునల్లా బతిమాలి, గడ్డిమోపులు నెత్తిన మోశాను. నిలవలేని కాళ్లకు తగిన పనే దొరికింది. కర్రెద్దయితే నేను తెచ్చింది తింటూ కూడా, ఆ శుక్రవారం విందు మళ్లీ ఎప్పుడని నా ముఖంలోకి చూసేది.

కాబట్టి బోద మీద, తడికె మీద, స్వర్గంలో ఉన్న మా కర్రెద్దు మీద ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఏ పని చేసినా ముందు మేకకు చూపించందే గడప దాటించను. ఈ కాగితాలను కూడా ఇందాకే మా పెరట్లో మేక మూతి ముందు పెట్టాను. వాసన చూసి ముఖం తిప్పుకుంది. అందుకే ఇంత ధైర్యంగా మీ చేతికిస్తున్నాను.