ఉరిమితే రుక్కి ఎత్తాల్సిన ఫోను

మానుకోట మిర్చి వ్యాపారి రామ్మోహన్ సేటు ఇంట్లో ఫోను పెట్టించిన ఏడాది బజారు బజారంతా వచ్చి చూసి పోయింది. నల్లటి పెట్టె, మెలికల తీగ, కింద సేటు భార్య లక్ష్మీకాంతమ్మ కుట్టిన పూల గుడ్డ. ఆ ఇంట్లో పనిచేసే రుక్కికి దాని మీది దుమ్ము తుడిచే పనే తప్ప దాన్ని ఎత్తే అధికారం లేదు. ఎండ కాసినన్నాళ్లూ అంతే. ఉరిమితే మాత్రం ఆ అధికారం మొత్తం ఆమెదే.

రుక్కిది ఊరిబయటి తండా. మొగుడు ధర్మా మార్కెట్లో బస్తాలు మోసేవాడు. ఆమె పొద్దున్నే నడిచొచ్చి సేటు ఇల్లు ఊడ్చి, వాకిట్లో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీసేది. రెండు చేతులకూ భుజాల దాకా తెల్లటి బొక్క గాజులు, ఎముకతో చేసినవి. పెళ్లినాడు తొడిగినవి, మొగుడు ఉన్నంతకాలం తీయకూడనివి. ఆ గాజులే ఆమె కొంప ముంచాయి.

మబ్బు కమ్మిందంటే లక్ష్మీకాంతమ్మ హడావుడి చూడాలి. ఫ్యాను ఆపించేది, రేడియో తీగ పీకించేది, ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీయించేది, నీళ్ల నల్లా దగ్గరికి ఎవరినీ పోనిచ్చేది కాదు. పిల్లల్ని నడిగదిలో కూర్చోబెట్టి అర్జునుడి పేర్లు చదివించేది. మంచిదే, ఎవరు కాదంటారు? ఫోను తీగ పిడుగును ఇంట్లోకి తెస్తుందని కూడా ఆమెకు తెలుసు. సేటుకూ తెలుసు. కానీ గుంటూరు నుంచి ట్రంక్ కాల్ రావాలి. పొద్దున బుక్ చేస్తే ఎప్పుడో సాయంత్రానికి కలిసేది. అది ఉరుముల్ని చూసుకుని రాదు కదా. ఎత్తకపోతే ఆ రోజు మిర్చి ధర తెలియదు.

"రుక్కీ, నువ్వెత్తు. ఆళ్లు చెప్పింది చెప్పినట్టు నాకు గట్టిగ చెప్పు" అన్నాడు సేటు, గడప అవతల నిలబడి.

"నాకు భయమైతంది సేటు."

"నీకేంగాదు. చేతినిండ బొక్క గాజులున్నయి గద. బొక్కకు కరెంటు పట్టది."

ఎంత తెలివి! గాజులు చేతికి, ఫోను చెవికి. చెవికి ఏం తొడిగారని అడిగే నాథుడు ఆ ఇంట్లో లేడు. పాపం, రుక్కి నమ్మింది. నమ్మడమేమిటి, మురిసిపోయింది కూడా. తండా మొత్తంలో ఫోను మాట్లాడిన మనిషి తనొక్కతేనని అత్త తుల్సీబాయికి చెప్పి చెప్పి విసిగించింది.

ఆ ఎండాకాలం చివర గాలివాన పట్టుకుంది. ఫోను మోగింది. రుక్కి ఎత్తి "హలో" అందో లేదో, ఫెళ్లుమని పిడుగు పడింది. చెవిలో నిప్పు పోసినట్టయింది. రిసీవరు చేతిలోంచి ఎగిరిపోయింది, ఆమె గోడకు కొట్టుకుని కూలబడింది. చెయ్యి భుజం దాకా మొద్దుబారింది.

"ధర చెప్పిండ్రా?" సేటు అడిగిన మొదటి మాట అది.

వింటే ఒళ్లు మండదా? లక్ష్మీకాంతమ్మ ఒక గ్లాసెడు చాయ్ ఇచ్చి, "గాలి సోకినట్టుంది, దిష్టి తీయించుకో" అంది. దవాఖానకు తీసుకుపోదామని ఒక్కరి నోటినుంచీ రాలేదు. రుక్కి కుడిచెవిలో కొన్నాళ్లు హోరు వినిపించింది. తర్వాత ఆ హోరు కూడా పోయింది.

"ఇగ ఆ ఇంటికి పోకు" అన్నాడు ధర్మా. పోకపోతే పొయ్యి వెలగదు. పోయింది.

మరుసటి ఏడు మళ్లీ మబ్బు పట్టింది. ఉరుముల మధ్య ఫోను మోగేసరికి, బడి నుంచి అప్పుడే వచ్చిన సేటు కూతురు సరస్వతి సరదాగా దాని దగ్గరికి ఉరికింది. లక్ష్మీకాంతమ్మ కెవ్వుమంది. "ముట్టకు! తీగలకెల్లి పిడుగొస్తది, సచ్చిపోతవ్!" అంటూ పిల్లను లాక్కుని గుండెలకు హత్తుకుంది. అదే ఊపిరిలో వాకిలి వైపు తిరిగి, "రుక్కీ, నువ్వెత్తు" అంది.

రుక్కి చేతిలోని మిరపకాయ కింద పెట్టి లోపలికి వచ్చింది.

"బిడ్డ ముడితే సచ్చిపోతది. నేను ముడితే ఏమైతనమ్మా?"

లక్ష్మీకాంతమ్మ పిల్లను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. సేటే అందుకున్నాడు. "నీకు గాజులున్నయి గదనే."

"నిరుడు గూడ ఉన్నయి సేటు. చెవి పోయింది."

"ముచ్చట్లు తర్వాత. కాల్ కట్టయితది, ఎత్తు!"

"గాజులు గంత మంచియైతే మా తండాల దొరుకుతయి, నీకు తెచ్చిస్త. భుజాల దాక తొడుక్కొని నువ్వే ఎత్తు."

సేటు ముఖం మిరపపండులా అయ్యింది. కానీ కాలు గడప దాటలేదు. ఫోను మోగీ మోగీ ఆగిపోయింది. ఉరుముల్లో బయటికి పోయేంత పిచ్చిది కాదు రుక్కి. నడిగదిలోకి పోయి, పనిమనుషులు ఎన్నడూ కూర్చోని ఆ చాప మీద, పిల్లల పక్కనే కూర్చుంది. లెమ్మనే ధైర్యం ఎవరికీ చాలలేదు. వాన వెలిసాక లేచి తండాకు వెళ్లిపోయింది. మళ్లీ ఆ వాకిలి తొక్కలేదు.

ఎనభైల్లో తండాకు కరెంటు వచ్చింది, రేడియోలు వచ్చాయి. ఉరిమితే ఇంటింటికీ తిరిగి ప్లగ్గులు పీకించేది రుక్కే. కుడివైపు నుంచి పిలిస్తే మాత్రం పలికేది కాదు. మనవరాలు ఒకనాడు అడిగింది, "గీ చెవికేమైందవ్వా?"

"గిదా? సేటు చెవికి బదులు ఇచ్చొచ్చిన" అంది రుక్కి.