ముప్పై రొట్టెల అతుకు

నార్కట్‌పల్లిలో నేను దిగింది మధ్యాహ్నం రెండింటికి. ఎండాకాలం. కంకర రోడ్డు, మోకాలి దాకా దుమ్ము. మా పటాలం మకాం అంటే నాలుగు గుడారాలు, మూడు లారీలు, ఒక టెలిఫోను, పదిహేనుమంది మనుషులు. నాకిచ్చిన సామాను: కంబళి, చెంబు, ఇనుప బిగింపు, పచ్చి రబ్బరు చుట్ట, పావుశేరు గంధకం. తుపాకీ ఇవ్వలేదు. ఊళ్లో ఇప్పటికీ "యుద్ధంల ఎంతమందిని సంపినవే?" అని అడుగుతారు. నేను ట్యూబులకు అతుకులేశాను. నవ్వండి, నవ్వండి. రబ్బరు పండే మలయా జపానువాళ్ల చేతిలో పడ్డాక కొత్త ట్యూబు కళ్లజూసినవాడు లేడు. నేను అతుకేస్తేనే లారీ కదిలేది.

పచ్చి రబ్బరు ఎండకు జిగురవుతుంది, చలికి పెళుసవుతుంది. అందులో గంధకం కలిపి, బిగించి, కాల్చాలి. అప్పుడు గట్టిపడుతుంది. లాగితే సాగుతుంది, వదిలితే తన చోటికి తాను వస్తుంది. గంధకం లేకపోతే అది వట్టి బంక.

పదో రోజున ఇంటినుంచి కార్డు వచ్చింది. ఆడపిల్ల పుట్టిందట. మాకు తొలి బిడ్డ. కార్డు పట్టుకుని జమేదారు దగ్గరికి పరుగెత్తాను.

"ముబారక్ రా," అన్నాడు మీసం దువ్వుకుంటూ. "మూడో నంబరు లారీ ట్యూబుకు అతుకెయ్యి. బండి నల్లగొండ పోయి రావాలె. నడుమల గాలి దిగకపోతే పదిరోజులు ఛుట్టీ. దిగిందనుకో, పిల్ల నడక నేర్చినంక చూద్దువు."

గంధకం డబ్బా తెరిచాను. అడుగున పసుపు మరక తప్ప ఏమీ లేదు.

"నేనే తీసిన," అన్నాడు మా వంటాయన, ఏ తప్పూ లేనట్టు. "అందరికీ గజ్జి లేసె. కొబ్బరినూనెల కలిపి రాసిన. నీకు గూడ రాసిన గద, మర్చిపోయినవా?"

నిజమే. మొన్న శుక్రవారం వీపు చూపించి మరీ రాయించుకున్నాను. హాయిగా ఉందని దండం కూడా పెట్టాను. పదిహేనుమంది ఒంటికి నా ఛుట్టీని పూసేశాడు మహానుభావుడు! నోటికొచ్చినట్టు తిట్టాను.

"జర ఆగుర. గొర్లకు గజ్జి లేస్తే గొర్ల మల్లయ్య ఏం రాస్తడు? గదే గద. పో, ఉరుకు."

మల్లయ్య మంద రోడ్డవతల బీడులో ఉంది. రుమాలు కొసన ముడేసిన గంధకం గడ్డ చూపించాడు, చేతికివ్వలేదు.

"పల్లేర్లు గుచ్చి సంపుతున్నయ్ బిడ్డా. పాత టైరుతోని చెప్పులు కోసియ్యి."

కోసిచ్చాను. పదడుగులు నడిచి తిరిగొచ్చాడు. ఎడమది పెద్దదైందట. మళ్లీ కోశాను. అప్పుడు ముడి విప్పాడు.

మరునాడు పొద్దున్నే పని మొదలుపెట్టాను. అతుకు గంటన్నర కాలాలి. ఉన్న ఒక్క గడియారం, జమేదారుది, ఆగిపోయి ఉంది.

"నా జొన్నరొట్టె ఒక్కటి కాలేసరికి మూడు నిమిషాలు," అన్నాడు వంటాయన. "ముప్పై లెక్కపెట్టు."

ఒకే పొయ్యి. ఒక పక్క పెనం, ఒక పక్క నా బిగింపు. పన్నెండో రొట్టెకు గంధకం పొగ మొదలైంది. ఇరవయ్యో రొట్టెకు జమేదారు వచ్చి రెండు తినేశాడు.

"తిన్నయి లెక్కకొస్తయా?" అని వంటాయన్ని అడిగాను.

"కాలినయ్ గద! రొట్టె కాలితే సాలు, ఎవడు తింటే నీకేంది?"

ముప్పై అయ్యాయి. చల్లార్చి విప్పాను. అతుకు అంచు పట్టి లాగాను. సాగింది. వదిలాను. టప్పున వెనక్కి వచ్చింది. సంతోషం పట్టలేక వంటాయన్ని వాటేసుకున్నాను.

ట్యూబు ఎక్కించగానే లారీ కదిలింది. డ్రైవరుకు ఆ రొట్టెలే కట్టిచ్చారు. పద్నాలుగు మైళ్లు. ఎవరూ చెప్పకపోయినా టెలిఫోను పక్కనే కూర్చున్నాను. ఎండ చురుక్కుమనే వేళకు గంట మోగింది. నల్లగొండనుంచి డ్రైవరు.

"బండొచ్చింది. చక్రం మంచిగున్నది."

"అతుకు?"

"అతుకు గూడ మంచిగున్నది. రొట్టెలే గజ్జి మందు లెక్కున్నయ్. గిట్ల సంపుతరా మనుషుల్ని?"

సాయంత్రం లారీ తిరిగొచ్చాక జమేదారు చక్రాన్ని రెండుసార్లు తన్ని చూశాడు. నా ఛుట్టీ కాగితం మీద సంతకం చేశాడు.

భువనగిరి దాకా అదే లారీ, సరిగ్గా ఆ చక్రం మీదే కూర్చున్నాను. అక్కడినుంచి ఆలేరుకు రైలు. ఆపైన మూడు కోసుల నడక. గడపలో నా భార్య, చేతుల్లో పాప. చేతులు చాచాను. ఆమె ముక్కు మూసుకుని రెండడుగులు వెనక్కి వేసింది.

"ఏం వాసనయ్యా గిది! గజ్జి గిట్ల అంటిచ్చుకొచ్చినవా? తానం జెయ్యి, గప్పుడు ముట్టు."

నాలుగు బిందెలు పోసుకున్నాను. వాసన పోలేదు. చివరికి జాలిపడి, "ఒక్క వేలు పెట్టు," అంది. పెట్టాను. గోరు ఇంకా నల్లగానే ఉంది. పాప దాన్ని గట్టిగా పట్టుకుంది. తుమ్మింది. మళ్లీ తుమ్మింది. వేలు మాత్రం వదల్లేదు.