నిండు పూల్ కదలదు

మా బావ పనికి ఏ ఇంటికి వెళ్ళినా ముందు స్విమ్మింగ్ పూల్ చూసేవాడు కాదు. పెరడు దాటి, పడవ కట్టిన మెట్ల దగ్గరికి పోయి, సముద్రపు పోటు కాలువలో ఎంతవరకు ఎక్కిందో చూసేవాడు. ఆ తర్వాతే సామాను దించేవాడు. కాలువ గట్టున ఉన్న ఇళ్ళ పూల్సన్నీ పాతికేళ్ళు ఆయన చేతి మీదే నడిచాయి. చిన్న గాజు గొట్టంలో నీళ్ళు పట్టి, మందు చుక్కలు వేసి, రంగు చూసి పెదవి విరిచేవాడు. అందుకే అందరూ నీళ్ళ డాక్టరు అనేవారు.

ఆయన దగ్గర నేను ఆరేళ్ళు పని నేర్చుకున్నాను. నేర్చుకున్నానని అనుకున్నాను, అదీ అసలు సంగతి.

చివరి ఇంటి అమ్మగారికి పూల్ అడుగున టైల్స్ మార్చాలని పట్టుదల.

"వానలు తగ్గనివ్వండమ్మా. వానలకీ కాలువ పోటుకీ కింద నేలంతా నీళ్ళే. ఇప్పుడు ఖాళీ చేస్తే పూల్ పైకి లేస్తుంది" అన్నాడు బావ.

"సిమెంటు తొట్టి లేవడమేంటయ్యా, అదేమన్నా పడవా?"

"ఖాళీ అయితే పడవే. నిండు కుండ తొణకదు, నిండు పూల్ కదలదు."

ఆమె నవ్వింది. సిగ్గులేకుండా నేనూ నవ్వాను. ఆయన వెళ్ళాక ఆమె నన్ను పిలిచి, "నువ్వు చెయ్యగలవా?" అంది. నా కళ్ళు నెత్తికెక్కాయి. "ఆయనకి చాదస్తమండీ, రేపే చేసేస్తా" అన్నాను.

మర్నాడు పొద్దున్నే మోటారు పెట్టాను. మధ్యాహ్నానికి అడుగు బయటపడింది. లోతు వైపు దిగి నాచు గీకుతుంటే కాళ్ళ కింద టక్కుమంది. టైల్ ఊడిందనుకున్నాను. కాసేపటికి ఇంకోటి. అతుకుల్లోంచి దారంలా నీళ్ళు. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంటే ఉప్పగా ఉన్నాయి. అవి కాలువ నీళ్ళు. అప్పుడైనా బుద్ధి రావద్దూ నాకు? ఇంకో మూల గీకడం మొదలుపెట్టాను.

పక్కింట్లో పనిచేస్తున్న బావ, కాలువలోకి పడుతున్న నా మోటారు నీళ్ళు చూసి వచ్చాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"పైకి రా."

"ఇంకో మూలే ఉంది బావా."

"రారా నాన్నా."

ఆ గొంతు విని ఎక్కేశాను. ఆయన దిగాడు. అడుగున ఒక బిరడా ఉంటుంది. అది తీస్తే కింది నీళ్ళు లోపలికొచ్చి పూల్ బరువెక్కుతుంది. "మోటారు ఆపు. కుళాయి తిప్పి నింపు" అన్నాడు బిరడా విప్పుతూ.

కుళాయి తిప్పి వెనక్కి చూసేసరికి అడుగంతా నడుం విరిగినట్టు పగిలి లేచి, మళ్ళీ కూర్చుంది. బావ కాలు ఆ పగులులో ఇరుక్కుపోయింది. పై నుంచి నా కుళాయి, కింది నుంచి కాలువ. కుళాయి కట్టేసి మోటారు మళ్ళీ పెట్టాను, నీళ్ళు తగ్గలేదు. కాలువని ఎలా కట్టను?

గడ్డపారతో దిగాను. పగులు ఇసుమంతైనా కదల్లేదు. నీళ్ళు ఆయన ఛాతీ దాటాయి. "నువ్వు ఎక్కెయ్. ఇద్దరం పోతే మీ అక్క తట్టుకోలేదు" అన్నాడు. నేను ఎక్కలేదు. ఎవరో నన్ను జుట్టు పట్టుకుని లాగారు.

బావని బయటికి తీసేసరికి సాయంత్రమైంది. ఊపిరి ఎప్పుడో పోయింది.

అక్క నన్ను తిట్టలేదు, కొట్టలేదు. ఎదురుగా కూర్చోబెట్టి ఒక్కటే అడిగింది.

"దిగేముందు కాలువ చూశావా?"

చూడలేదు. ఆ మాట చెప్పడానికి నాకింకా నోరు రాలేదు.