పళ్ళ మేస్త్రి అక్కని నవ్వించబోయిన ఆదివారం

స్టాండప్ కామెడీ షోకి వెళ్ళినవాళ్ళు స్టేజీ వైపు చూస్తారు. పళ్ళ మేస్త్రి జనం వైపు చూస్తాడు. మొదటి వరసలో గోడవారగా ఉండే చివరి కుర్చీ టికెట్టే కొనుక్కుంటాడు. షో మొదలైన రెండో నిమిషంలో, నడుం పట్టేసిన మనిషిలా కొంచెం కొంచెంగా పక్కకి తిరిగి, ఐదో నిమిషానికల్లా స్టేజీకి వీపు చూపిస్తూ స్థిరపడిపోతాడు. మైకు పట్టుకున్నవాళ్ళు ఏం చెబుతున్నారో చెవులు చూసుకుంటాయి. కళ్ళకి వేరే పనుంది.

ఆయన కట్టుడు పళ్ళు చేస్తాడు. పళ్ళ డాక్టరుగారి క్లినిక్ వెనక పొడుగాటి ఇరుకు గది. ఒక గోడంతా అలమారా. అందులో తెల్లటి దవడల అచ్చులు, ఒక్కోదాని మీదా పెన్సిలుతో రాసిన నంబరు. బల్ల మీద మైనం కరిగించే దీపం, పళ్ళు అరగదీసే చిన్న మోటారు, ఎప్పుడు తుడిచినా మళ్ళీ పడే తెల్లటి పొడి. నోళ్ళన్నీ ముందు గదిలో ఉంటాయి. పళ్ళు పెట్టించుకున్నవాళ్ళు డాక్టరుగారికి పదిసార్లు థాంక్స్ చెప్పి వెళ్ళిపోతారు. గోడకి అవతల వాటిని చేసినవాడొకడు ఉన్నాడన్న సంగతి ఎవరికీ తట్టదు. ఇరవై ఆరేళ్ళుగా ఇదే వరస.

అలాంటిది ఒకసారి కూతురి దగ్గర టికెట్టు మిగిలిపోతే, వృథా ఎందుకని షోకి వెళ్ళాడు. అక్కడ నాలుగో వరసలో ఒక బట్టతల పెద్దాయన తల వెనక్కి వాల్చి, కొండనాలిక కనిపించేలా నవ్వుతున్నాడు. మేస్త్రి ఆయన పై పళ్ళ వరస చూసి పోల్చుకున్నాడు. నాలుగు వందల పన్నెండో నంబరు. తన చేతి పని, అంత వెలుతురులో, అంత గట్టి నవ్వులో, కాస్తయినా కదలకుండా నిలబడి ఉంది! కుర్చీలో కూర్చోబెట్టి "ఆ అనండి, ఈ అనండి" అంటే ఏం తెలుస్తుంది? డాక్టరుగారి కుర్చీలో నవ్విన మనిషి ఇంతవరకూ పుట్టలేదు. పళ్ళ సెట్టుకి అసలు పరీక్ష నవ్వే. ఆ రోజు నుంచి మేస్త్రి షోలకి అలవాటు పడిపోయాడు.

"మీరు వెళ్ళేది నవ్వడానికా, నోళ్ళు చూడ్డానికా?" అని భార్య అడిగేది.

"నువ్వు పెళ్ళిళ్ళకి వెళ్ళేది అక్షింతలు వెయ్యడానికా, చీరలు చూడ్డానికా?" అని ఈయన.

పోనుపోను సలహాలు ఇవ్వడం కూడా మొదలైంది. కొత్త సెట్టు తీసుకెళ్ళేవాళ్ళకి క్లినిక్ చీటీ వెనక రాసిచ్చేవాడు. మొదటి రెండు వారాలూ బ్యాంకాయన. ఆయన బ్యాంకు ఉద్యోగం మానేసి కమెడియన్ అయినవాడు, మాట నెమ్మది, జనం పెదవి దాటకుండా నవ్వుతారు. నెల దాటాక గళ్ళ చొక్కా కుర్రాడు, వాళ్ళమ్మ మీదే జోకులేస్తాడు, జనం పళ్ళు కనిపించేలా నవ్వుతారు. మూడు నెలలు నిండి, చిగుళ్ళు గట్టిపడితే అప్పుడు ఉతుకుడమ్మ. ఈవిడ కాస్త ప్రమాదం. చూస్తే పాతికేళ్ళ పిల్ల, నోరు తెరిస్తే ముందు వరసని వరసగా పిండి ఆరేస్తుంది. కాబట్టి వెనక కూర్చోవాలి. ఈ ఆఖరి మాట కింద రెండు గీతలు కూడా గీసేవాడు.

"ఏమయ్యా, నా పేషెంట్లకి చీటీలు రాసేది నేనా, నువ్వా?" అన్నారు డాక్టరుగారు.

"మీరు నొప్పికి రాయండి సార్. తగ్గాక నాది."

పళ్ళున్నవాళ్ళు కూడా సలహాకి రావడం మొదలుపెట్టారు. మంగలి షాపాయన, కొరియరాయన, పక్క వీధి లాయరు. ఎవరెలాంటివాళ్ళో కనుక్కుని, ఎవరి నోటికి తగ్గ కమెడియన్‌ని వాళ్ళకి చెప్పేవాడు. ఒక్కటీ తప్పలేదు. తప్పిందల్లా ఒక్కచోటే. సొంత అక్క దగ్గర.

అక్క బళ్ళో సైన్సు టీచరు. చిన్నప్పుడు ఆవిడ నవ్వితే మూడో ఇంటివాళ్ళు ఏమైందని వచ్చి అడిగేవాళ్ళు. చిగుళ్ళ జబ్బు వచ్చి, కిందటేడు సెలవుల్లో పళ్ళన్నీ తీయించుకోవాల్సి వచ్చింది. సెట్టు తమ్ముడే చేశాడు. పన్ను పన్నుకీ రెండేసి రోజులు కూర్చున్నాడు. మిగతావాళ్ళకి అన్నీ ఒకే తెలుపు, అక్కకి మాత్రం పాత ఫొటోలు చూసి, కోరపన్ను పక్కన ఉండే చిన్న వంకరతో సహా దించాడు. బళ్ళో ఎవరికీ అనుమానం రాలేదు. అక్క మాత్రం ఆ రోజు నుంచి నవ్వడం మానేసింది. మరీ నవ్వొస్తే కుడిచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని భుజాలతో నవ్వుతుంది. భుజాల నవ్వులో మేస్త్రికి ఏం కనిపిస్తుంది?

సెట్టు వదులైందేమోనని ఆయన అనుమానం. ఊరంతటి నోళ్ళూ నిలబెట్టి, సొంత అక్క నోటి దగ్గర పని చెడగొట్టానేమోనని రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. అడిగితే "బానే ఉన్నాయిరా" అంటుంది. ఆ మాట ఆయనకి చాలదు. బ్యాంకాయన దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్క ఆవలించింది, చెయ్యి అడ్డం పెట్టుకునే. గళ్ళ చొక్కా దగ్గరికి తీసుకెళ్ళాడు. "పాపం, తల్లిని అంత మాట అనొచ్చా?" అంది. మూడోసారి ఇంకెవరి దగ్గరికో తీసుకెళ్తే పరీక్ష పేపర్లు దిద్దుకుంది. ఇక మిగిలింది ఉతుకుడమ్మే.

"వస్తాను గానీ ఒక షరతు," అంది అక్క. "మా లెక్కల టీచరూ, డ్రిల్లు మాస్టారూ కూడా వస్తామంటున్నారు. నా నోటి సంగతి వాళ్ళకి తెలీదు. తెలియకూడదు."

"నేనెందుకు చెప్తానక్కా?"

"నువ్వు చెప్పవు. నీకు తెలీకుండా నీ నోరు చెప్పేస్తుంది. చిన్నప్పుడూ అంతేగా."

"ఆ మాట నలభై ఏళ్ళ కిందటిది!"

"నీ నోరూ అప్పటిదేగా. ఒరేయ్, వాళ్ళకి గనక తెలిసిందా, మళ్ళీ నీ గుమ్మం తొక్కను. ఒట్టు."

అక్క ఒట్టు పెట్టిందంటే పెట్టినట్టే.

ఆదివారం సాయంత్రం నాలుగు గంటల షో. ఫర్నిచరు షాపు పైన హాలు. మెట్లెక్కుతుంటే కొత్త సోఫాల వాసన. నూట ఎనభై కుర్చీలు, ఒక ఎత్తు బల్ల, ఒక మైకు. మూడో వరస మధ్యలో అక్క, అటు లెక్కల టీచరమ్మ, ఇటు డ్రిల్లు మాస్టారు. మేస్త్రి మామూలుగా మొదటి వరస చివరి కుర్చీలో. ఊరందరికీ రెండు గీతలు గీసి మరీ చెప్పిన జాగ్రత్త తనకి వర్తిస్తుందని ఆయనకి తోచనేలేదు. తను షో చూడ్డానికి వచ్చినవాడు కాదు కదా!

ఉతుకుడమ్మ మొదలుపెట్టింది. హాలు కదిలిపోతోంది. మేస్త్రి పక్కకి తిరిగి, మూడో వరసకి గురిపెట్టి కూర్చున్నాడు. డ్రిల్లు మాస్టారు పొట్ట పట్టుకున్నాడు. లెక్కల టీచరమ్మ కళ్ళు తుడుచుకుంటోంది. అక్క చెయ్యి మాత్రం నోటి దగ్గర కాపలా కాస్తోంది. భుజాలు కదిలాయి. చెయ్యి ఒక్క వేలంత దిగింది. ఇంకొంచెం. ఇంకొక్క జోకు పడితే...

"బాబాయ్! ఓ బాబాయ్! గోడ దగ్గర బాబాయ్! స్టేజీ ఇటుంది."

హాలంతా అటు తిరిగింది. మేస్త్రి కూడా ఎవరా ఆ బాబాయని వెతికి, గోడ తప్ప ఏమీ కనిపించక, మెల్లిగా ఇటు తిరిగాడు.

"టికెట్టు కొన్నారా బాబాయ్?"

"కొన్నానమ్మా."

"మరి నా మొహం బాలేదా?"

"అయ్యో, బావుందమ్మా."

"మరి ఇందాకట్నుంచీ అటేం చూస్తున్నారు?"

మెడ పట్టేసిందంటే పోయేది. ఫ్యాను గాలి పడదన్నా పోయేది. కానీ మేస్త్రి బుర్రలో అబద్ధాలుండే అర ఖాళీ. పైగా ఇరవై ఆరేళ్ళలో ఆయన పని గురించి అడిగిన మొదటి మనిషి ఈ పిల్లే.

"పళ్ళు చూస్తున్నానమ్మా."

హాలు పేలింది. ఉతుకుడమ్మకి పండగే.

"ఎవరి పళ్ళు?"

"అందరివీ. ముఖ్యంగా మా అక్కవి."

"అక్క ఎక్కడ?"

ఆయన వేలు దానంతట అదే మూడో వరస వైపు లేచింది.

"అయ్యో, అక్క పళ్ళకేమైంది?"

"ఏం కాలేదమ్మా! మేలురకం," అన్నాడు మేస్త్రి గర్వంగా. "నేనే చేశాను."

అన్నాక వినిపించింది ఆయనకి, తనేమన్నాడో. నూట ఎనభై మందీ పగలబడి నవ్వుతున్నారు. లెక్కల టీచరమ్మ మెల్లిగా తల తిప్పి అక్క వైపు చూసింది. డ్రిల్లు మాస్టారు చూడనట్టు పైకప్పు చూస్తున్నాడు. అక్క చెయ్యి నోటికి అతికించినట్టుంది. మేస్త్రి తల మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. గుమ్మం సంగతి తర్వాత, ముందు ఈ నేల చీలితే బావుణ్ణనిపించింది. కింద సోఫాల మీద పడినా సరే.

ఉతుకుడమ్మది నోరే పెద్దది, మనసు చెడ్డది కాదు. తేడా జరిగిందని పసిగట్టింది.

"అమ్మా, ఏమనుకోకండి. ఇంతటితో ఆపేస్తాను..."

"ఎందుకాపుతావు? మైకు ఇటివ్వమ్మాయ్."

క్లాసు గొంతు. ఆ గొంతు విని హాలు ఠక్కున నోరు మూసుకుంది. మైకు చేతులు మారుతూ మూడో వరసకి వచ్చింది. అక్క లేచి నిలబడింది. మైకు పట్టుకోవడానికి కుడిచెయ్యే కావలసి వచ్చింది.

"అందరూ కూర్చోండి," అంది అలవాటుగా. అందరూ కూర్చునే ఉన్నారు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"వాడు నా తమ్ముడు. పళ్ళు వాడు చేసినవే. ఏడాదైంది. వేరుశనగలు నమిలాను. పెన్ను క్యాపు ఊడకపోతే పళ్ళతో లాగాను. హెడ్మాస్టర్ని గంటసేపు దులిపాను. కదల్లేదు. నవ్వు పరీక్ష ఒక్కటే మిగిలిందని ముగ్గురు కమెడియన్ల దగ్గరికి తీసుకెళ్ళాడు. వాళ్ళు ఫెయిలయ్యారు. పళ్ళు కాదు."

చప్పట్లు. ఉతుకుడమ్మ స్టేజీ అంచుకి వచ్చింది. "మరి నాకెన్ని మార్కులు టీచర్?"

"నీకు ముప్పై."

"ముప్పయ్యేనా!"

"మా వాడికి ముప్పై ఐదు. స్టేజీకి వీపు పెట్టి కూర్చుని, ఒక్క జోకూ చెప్పకుండా, నీకంటే ఎక్కువ నవ్వించాడు. మూడో వరసలో ఉండి నేనే చూశాను."

హాలు కుర్చీలతో సహా లేచింది. ఉతుకుడమ్మ వంగి మోకాళ్ళు పట్టుకుంది. ఆ గోల మధ్యలోంచి ఇంకో నవ్వు పైకి లేచింది. గట్టిగా, గంట కొట్టినట్టు, మధ్యలో ఊపిరి తీసుకుని మళ్ళీ అందుకునే నవ్వు. మూడో ఇంటిదాకా వినిపించే నవ్వు.

మోకాళ్ళ మధ్య తల పెట్టుకునే మేస్త్రి దాన్ని పోల్చుకున్నాడు. చప్పున లేచి వెనక్కి తిరిగాడు. రెండో వరస మొత్తం లేచి నిలబడి చప్పట్లు కొడుతోంది. మునివేళ్ళ మీద నిలబడ్డాడు. కుర్చీ ఎక్కబోయాడు. వీపులు సర్దుకునేసరికి అక్క కూర్చుని, పెదాలు బిగించి, కళ్ళజోడు తుడుచుకుంటోంది. ఏడాదిగా కాచుక్కూర్చున్న నవ్వు తన వల్లే వచ్చి, తను చూడకుండానే వెళ్ళిపోయింది.

షో అయ్యాక మెట్ల మీద సాక్షుల్ని పట్టుకున్నాడు.

"టీచరుగారూ, ఎన్ని కనిపించాయి?"

"పైవి పది, కిందవి ఆరు," అంది లెక్కల టీచరమ్మ. "తర్వాత నాకూ నవ్వొచ్చి లెక్క తప్పింది."

"కుడివైపు కింద సెట్టు ఏమైనా ఎత్తిందా?"

"నేను సరిగ్గా చూళ్ళేదండీ."

డ్రిల్లు మాస్టారు ఇంకా నయం. తను కళ్ళు మూసుకుని నవ్వుతానని చెప్పి చక్కా పోయాడు.

అక్క కింద సోఫాల షాపు ముందు నిలబడి ఉంది. చుట్టూ ముక్కూ మొహం తెలియనివాళ్ళు పదిమంది. వాళ్ళు కదిలాక మేస్త్రి తప్పు చేసిన పిల్లాడిలా దగ్గరికి వెళ్ళాడు.

"అక్కా..."

"నీ గుమ్మం తొక్కనని ఒట్టు పెట్టాను."

"పెట్టావు."

"తొక్కను."

మేస్త్రి తలొంచుకుని వెనక్కి తిరగబోయాడు. అక్క చొక్కా పట్టుకుని ఆపింది. "అంచేత ఇకనుంచి ఆదివారాలు నువ్వే మా ఇంటికి రా. మీ ఆవిణ్ణి కూడా తీసుకురా. వంట నేనొక్కదాన్నీ చెయ్యలేను."

ఆ తర్వాత అక్క బడి స్టాఫు రూములో ఎవరు ఏ షోకి వెళ్ళాలన్నా మేస్త్రి దాకా రావడం లేదు. అక్కనే అడుగుతున్నారు. ఆవిడ మార్కులు వేసి మరీ చెబుతుంది. చెయ్యి అడ్డం పెట్టుకునే అలవాటు పూర్తిగా పోలేదు గానీ, మధ్య మధ్య మర్చిపోతోందని లెక్కల టీచరమ్మ కబురు. కుడివైపు కింద ఎలా ఉందో ఒక్కసారి నవ్వి చూపించమని మేస్త్రి బతిమాలితే, "నవ్వొస్తే నవ్వుతాను గానీ నీ కొలతల కోసం కాదు" అంది.

పోయిన నెల బ్యాంకాయన షోకి తమ్ముణ్ణి అక్కే తీసుకెళ్ళింది. మొదటి వరస వద్దంది. పక్కనే కూర్చోబెట్టుకుని, మెడ తిప్పితే గిల్లింది. అన్నేళ్ళలో మొదటిసారి మేస్త్రి షో అంతా స్టేజీ వైపే చూశాడు. కన్నార్పలేదు. దారికొచ్చాడనుకుంది అక్క.

"ఎలా ఉంది?" అంది బయటికొస్తూ.

"బ్యాంకాయన ముందు పళ్ళలో ఎడమవైపుది పెట్టుడు పన్నక్కా," అన్నాడు మేస్త్రి. "చేసినవాడెవడో గానీ, రంగు కుదర్లేదు."